ఊరికే పోయొచ్చినాం

అమెరికాలో ఉండే మనవాళ్ళ వీకెండ్ ట్రిప్పుల మీద జోకులేయడం చాలా తేలిక. బోలెడు విన్నాను, కొన్ని నేనే వేశాను కూడా. మూడు కార్లేసుకుని మూడొందల మైళ్ళు పోతారు, పార్కు బోర్డు ముందర గుంపుగా నిలబడి ఫోటో దిగుతారు, పార్కింగ్ లాట్‌లో డిక్కీ తెరిచి పులిహోర తింటారు, చూడాల్సిందాన్ని ఇరవై నిమిషాలు చూస్తారు, సోమవారం పొద్దున మీటింగుకి ఎర్రటి కళ్ళతో తయారవుతారు. ఇండియాకి తిరిగొచ్చేసిన ఒక మిత్రుడైతే "మీరు గ్రాండ్ కాన్యన్‌ను చూసింది తక్కువ, అది మిమ్మల్ని చూసింది ఎక్కువ" అన్నాడు.

ఇవన్నీ నిజాలే, కాదనను. కాకపోతే ఈ జోకులన్నిటి వెనకా ఒక నమ్మకం ఉంది, ట్రిప్పు అనేది ప్రదేశాలు చూడ్డానికని. పదిహేనేళ్ళకు పైగా అరిజోనాలో ఈ పని చేస్తూ వచ్చినవాడిగా నాకు తెలిసిందేంటంటే, చూడ్డం అనేది అందులో చాలా చిన్న భాగం. మిగతా భాగం ఏం పని చేసిందో చెప్పాలంటే ముందు మా ఊరి గురించి కొంచెం చెప్పాలి.

మాది పామిడి. అనంతపురం నుంచి గుత్తికి పోయే దారిలో, హైవే పక్కన, పెన్న ఒడ్డున ఉంటుంది. పెన్న ఒడ్డు అనగానే నీళ్ళు ఊహించుకోకండి. ఏడాదిలో ఎక్కువ రోజులు అది ఇసకే. భోగేశ్వరస్వామి గుడి దగ్గర నిలబడి చూస్తే అవతలి ఒడ్డు కనబడుతుంది, ఇవతలి ఒడ్డు కనబడుతుంది, మధ్యలో నది మాత్రం కనబడదు :) గుడ్డల వ్యాపారానికీ కుట్టుపనికీ పేరున్న ఊరు. మా నాయనదీ అదే పని. వారమంతా మిషను మీద కుట్టేది, సంత రోజు మూట కట్టుకొని పొయ్యి అమ్ముకొచ్చేది.

మా ఊళ్ళో "పోవడం" అనే మాటకు ఎప్పుడూ ఒక పని తగులుకొని ఉంటుంది. బళ్ళారికి పోతే సరుక్కి. గుంతకల్లుకు పోతే రైలెక్కేదానికి. అనంతపురం పోతే ఆస్పత్రికో, కలెక్టరాఫీసుకో. బెంగుళూరు పోతే, ఆ సంవత్సరం వాన మొహం చాటేసి చెనిక్కాయ చేను నిలువునా ఎండిపోయిందని అర్థం. ముసలోళ్ళ దగ్గర పిల్లల్ని వదిలిపెట్టి, ఇంటికి తాళమేసి పొయ్యేవాళ్ళని చిన్నప్పుడు ఎంతమందిని చూశానో. "ఊరికే పోయొస్తాం" అనే మాట మాకు అలవాటు లేదు. అందుకే 2008లో మొదటిసారి ఫోన్లో "నాయనా, ఈ శని ఆదివారాలు గ్రాండ్ కాన్యన్ అని ఒక చోటికి పోయొచ్చినాం" అని చెప్తే ఆయన వెంటనే అడిగింది, "ఏం పని మీద?"

"పనేం లేదు నాయనా, ఊరికే."

"ఊరికేనా? ఎంత దూరం?"

"నాలుగు గంటలు పోవాల, నాలుగు గంటలు రావాల."

కాసేపు ఆగి, "పెట్రోలు కూడా ఊరికే పోస్తారా ఆడ?" అన్నాడు.

అలాగని మాకు చిన్నప్పుడు ట్రిప్పులు లేవని కాదు. పెండ్లికో, కసాపురం ఆంజనేయస్వామి మొక్కుకో ట్రాక్టరు మాట్లాడేవాళ్ళు. ట్రాలీలో గడ్డి పరిచి, దాని మీద దుప్పట్లేసి, పాతిక మందిమి ఎక్కేవాళ్ళం. పెద్ద బేసిన్లో చిత్రాన్నం, దాని మీద తడిగుడ్డ, ఒక సంచిలో బొరుగులు, డబ్బాలో ఊరిబిండి. స్వామి దగ్గర ఉండేది గంటసేపు. పొయ్యేదానికీ వచ్చేదానికీ దినమంతా. ఆ దినమంతా ట్రాలీలో ఏం జరిగేదంటే, ఎవరి పిల్లను ఎవరికి అడగాలో తేలేది, ఎవరికి ఎంత అప్పుందో బయటపడేది. రెండేండ్లుగా మాటల్లేని మా నాయనకూ మా చిన్నాయనకూ మళ్ళీ మాట కలిసింది కూడా ట్రాలీలోనే. బండి గుంతలో పడినప్పుడు ఒకరినొకరు పట్టుకోవాల్సొచ్చింది. పట్టుకున్నాక మాట్లాడకుండా ఎట్లుంటారు?

ఈ ట్రాక్టరు సంగతి గుర్తుపెట్టుకోండి.

నేను హెచ్1బీ మీద వచ్చింది 2006లో. ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో ఉద్యోగం. 2008లో పెళ్ళి, ఆ ఏప్రిల్లోనే మా ఆవిడ హెచ్4 మీద వచ్చింది. ఎస్కే యూనివర్సిటీలో ఎంసీఏ చేసి, బెంగుళూరులో రెండేళ్ళు టెస్టింగ్ ఉద్యోగం చేసిన మనిషి. అప్పటి హెచ్4 ఎలా ఉండేదో ఇప్పుడొచ్చే వాళ్ళకు పూర్తిగా తెలీకపోవచ్చు. ఉద్యోగం చేయకూడదు. సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వరు. చదువుకోవచ్చు, ఫీజుకు డబ్బులుంటే. అంటే ఉండొచ్చు, అంతే.

ఇంటికి ఒక కారు. దాన్ని నేను ఎనిమిదింటికి తీసుకుపోతే మళ్ళీ ఆరింటికి వచ్చేది. ఆ ఏడాది చివర్లో ఫీనిక్స్‌లో లైట్ రైలు మొదలైంది గానీ అది చాండ్లర్ దాకా రాలేదు, ఇప్పటికీ రాలేదు. జూన్ వచ్చిందంటే బయట 40 డిగ్రీలు దాటిన ఎండ. (2023లో అయితే వరసగా 31 రోజులు 110 ఫారన్‌హీట్ తగ్గలేదు, అంటే 43 పైనే.) అనంతపురం వాళ్ళకు ఎండ కొత్తా అంటారేమో. కొత్త కాదు. కానీ అక్కడ ఎండలో కూడా మనుషులుంటారండీ. వేపచెట్టు కింద ఎవరో ఒకరు కూర్చొని ఉంటారు, పలకరిస్తారు. ఇక్కడ మధ్యాహ్నం వీధిలోకి చూస్తే గ్యారేజీ తలుపులు, గ్యారేజీ తలుపుల పక్కన గ్యారేజీ తలుపులు.

ఒక శుక్రవారం రాత్రి అన్నం తింటుంటే అడిగింది, "ఈ వారం నీతో కాకుండా నేను ఎవరితో మాట్లాడినానో చెప్పు చూద్దాం" అని. ఇండియా ఫోన్లు లెక్కలోకి రావంది. నాకు తెలీలేదు. "పార్సెల్ ఇచ్చే ఆయనతో. ఇక్కడ సంతకం పెట్టు అన్నాడు, పెట్టినా. థాంక్యూ అన్నాడు, థాంక్యూ అన్నా" అంది. కోపంగా కాదు, లెక్క చెప్పినట్టు.

ఆ ఆగస్టులోనే ఇండియన్ స్టోర్లో గోంగూర కట్టల దగ్గర కరీంనగర్ దంపతులు పరిచయమయ్యారు. వాళ్ళ ద్వారా ఒక గుంటూరు కుటుంబం, వాళ్ళ ద్వారా బళ్ళారిలో పుట్టి పెరిగిన ఒక తెలుగు జంట. లేబర్ డే లాంగ్ వీకెండుకి నాలుగు ఇళ్ళవాళ్ళం కలిసి ఒక పదిహేను సీట్ల వ్యాను అద్దెకు తీసుకుని బయల్దేరాం. నేను ముందు సీట్లో ప్రింటు తీసిన మ్యాపు కాయితాలు పట్టుకుని కూర్చున్నా, మా ఆవిడ వెనక సీట్లో ఆడవాళ్ళతో. ఇంటి దగ్గర మొదలుపెట్టిన మాటలు ఫ్లాగ్‌స్టాఫ్ దాకా ఆగలేదు. దారిలో కాంప్ వెర్డే దాటాక కొండెక్కుతుంటే వెనక నుంచి పెద్దగా ఒక నవ్వు వినబడింది. ఎవరా అని తిరిగి చూశాను. మా ఆవిడే. ఆమె నవ్వు అంత గట్టిగా ఉంటుందని నాకు తెలిసింది అప్పుడే, పెళ్ళయిన ఆరు నెలలకు.

కాన్యన్ గురించి తర్వాత ఎవరడిగినా "బాగుంది" అనేది. వ్యాను గురించి మాత్రం వారం రోజులు చెప్పింది.

అప్పట్నుంచి నెలకో ట్రిప్పు. సెడోనా, పేజ్ దగ్గర హార్స్‌షూ బెండ్, టూసాన్, ఇంకాస్త ధైర్యం చేస్తే శాన్ డియేగో. పద్ధతులు మీకూ తెలిసినవే. హోటలు రేటు మనమే చెప్పి బేరమాడే వెబ్‌సైటులో రాత్రి పన్నెండింటి దాకా వేలం పాట. రెండు గదులు తీసుకుని నాలుగు కుటుంబాలు, ఆడవాళ్ళొక గది, మగవాళ్ళొక గది. సూట్‌కేసులో రైస్ కుక్కరు. గుంటూరాయన ఎక్సెల్ షీటు (పిల్లలు 0.5, మాంసం తినని వాళ్ళకు వేరే కాలమ్, ట్రిప్పయ్యాక మూడు డాలర్ల నలభై సెంట్లకు కూడా చెక్కు!). ఆయన్ని ఎంత ఏడిపించినా, ఇన్నేళ్ళలో డబ్బు దగ్గర మాకు ఒక్క మాట రాలేదంటే ఆ షీటు పుణ్యమే.

పులిహోర గురించి మాత్రం ఒక మాట అనాలి. పార్కింగ్ లాట్ పులిహోర మీద జోకులేసేవాళ్ళు అది శుక్రవారం రాత్రి ఎవరు కలిపారో చెప్పరు. ట్రిప్పు రెండు రోజులైతే దాని వంట మూడు రోజులు. గురువారం చింతపండు గుజ్జు, శుక్రవారం పులిహోర, చపాతీలు, పిల్లలకు పెరుగన్నం, కోడి వేపుడు. ఆదివారం రాత్రి ఇంటికొచ్చాక గిన్నెలు. మగవాళ్ళం డ్రైవింగ్ చేశామని అలిసిపోయేవాళ్ళం. ఏ ట్రిప్పు కోసం ఆమె వారమంతా ఎదురు చూసిందో దానికి ముందే సగం ఓపిక అయిపోయేది. 2011లో నలుగురు ఆడవాళ్ళూ మాట్లాడుకుని ఒక తీర్మానం పంపారు, ఇకమీదట శుక్రవారం వంట మగవాళ్ళదని. తర్వాతి మూడు ట్రిప్పుల్లో మేం ఉప్మా తిన్నాం, నాలుగో దానికి బయట తినడం నేర్చుకున్నాం. అందరూ బాగుపడ్డారు.

అన్నట్టు, ఆ మొదటి ట్రిప్పులో కాన్యన్ అంచున నిలబడి నేనొక గొప్ప చెప్పుకున్నా. "మా ఊరి నది కూడా ఇట్లాంటి పనే చేసింది" అని. నిజమే కదా. పామిడి దాటి తాడిపత్రి మీదుగా పోయే పెన్నే కడప జిల్లాలో గండికోట దగ్గర కొండను కోసుకుంటూ పోతుంది. అక్కడ లోయ లోతు మూడొందల అడుగుల లెక్క, ఇక్కడ మైలు. అయినా నది నదే. కరీంనగరాయన నవ్వి, "తమ్మీ, గోదావరి కాడి నుంచి వచ్చినోన్ని, నీళ్ళు లేని నది గురించి నాకు చెప్పకు" అన్నాడు. బళ్ళారాయన మాత్రం నా పక్షం. వాళ్ళ తుంగభద్ర నీళ్ళే హై లెవల్ కెనాల్లో మా జిల్లాకు రావాలి మరి.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి. అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. ఫీనిక్స్‌లో 200 కూడా పడదు. మాకంటే మూడో వంతు వానతో ఇక్కడ గోల్ఫ్ కోర్సులు పచ్చగా ఉంటాయి, మా చేలు ఎర్రగా ఉంటాయి. తేడా అంతా కాలవలోనే ఉంది. కొలరాడో నది నీళ్ళను ఎత్తి, ఎడారికి అడ్డంగా 336 మైళ్ళు పారించి ఫీనిక్స్‌కూ టూసాన్‌కూ తెచ్చుకున్నారు. ఆ కాలవ మీద వంతెన దాటిన ప్రతిసారీ మా నాయనకు ఇది చూపించాలి అనుకుంటాను. ఆయన ఇంకా ఇక్కడికి రాలేదు. మిషను ఎవరు చూసుకుంటారు అంటాడు.

నీళ్ళ గురించి ఇంకో కథ కూడా ఉంది, అది అసలు కథ. 2009 డిసెంబర్ 9న తెలంగాణ ప్రక్రియ మొదలుపెడతామని చిదంబరం ప్రకటించారు. ఆ తర్వాత రెండు వారాలు ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. అక్కడ రాజీనామాలూ బందులూ అయితే, ఇక్కడ మెయిల్స్. ఎన్ని స్నేహాలు ఆ నెలలో "రిప్లై ఆల్" దెబ్బకు పోయాయో. మా గుంటూరాయనా కరీంనగరాయనా చెరొక పెద్ద మెయిలు రాసుకుని మాటలు మానేశారు. నన్నైతే ఇద్దరూ విడివిడిగా ఫోన్ చేసి "ఇంతకీ మీ సీమవాళ్ళు ఎటు?" అని అడిగారు. మమ్మల్ని ఏ రాష్ట్రంలో అయినా లెక్కపెట్టేది సంతకాలప్పుడే అని చెప్పి తప్పించుకున్నా.

అయితే క్రిస్మస్ ట్రిప్పు నవంబర్లోనే బుక్ చేశాం. లాస్ వేగస్, హూవర్ డ్యామ్. డబ్బులు వాపసు రావు. దేశభక్తి ఎంతున్నా మూడొందల డాలర్లు వదులుకునే తెలుగువాడు ఇంకా పుట్టలేదు కాబట్టి అందరం వ్యానెక్కాం :) ఆడవాళ్ళు ముందే ఒక షరతు పెట్టారు, వ్యానులో రాష్ట్రం మాట ఎత్తిన వాళ్ళు అక్కడే దిగిపోవాలని. ఐదు గంటల దారి. బయట ఎడారి, లోపల అంతకంటే ఎడారి. పాటలు కూడా పెట్టలేదు, ఏ సినిమా ఎవరిదో అని భయం.

హూవర్ డ్యామ్ ఒక గట్టు అరిజోనాలో, ఇంకో గట్టు నెవాడాలో ఉంటుంది. రిజర్వాయరులో నీళ్ళు తీసుకునే టవర్ల మీద రెండు గడియారాలుంటాయి, ఒకటి అరిజోనా టైము, ఇంకొకటి నెవాడా టైము. చలికాలంలో రెంటికీ గంట తేడా. దాని ముందు నిలబడి కరీంనగరాయన, ఎవరితో అంటున్నాడో తెలీకుండా గాల్లోకి అన్నాడు, "చూసినవా, డ్యాము ఒక్కటే, గడియారాలు రెండు. ఎవ్వలు సచ్చిపోలే."

గుంటూరాయన గోడ మీద రాసింది చదువుతూ, తల తిప్పకుండా, "నీళ్ళు ఎవరికెన్నో ముందే రాసుకున్నారండీ వీళ్ళు" అన్నాడు.

రెండు వారాల్లో వాళ్ళ మధ్య అవే మొదటి మాటలు. అక్కణ్ణుంచి వేగస్ దాకా వాదించుకున్నారు. షరతు ప్రకారం దిగిపొమ్మని ఎవరూ అనలేదు. కొలరాడో నీళ్ళ పంపకం ఒప్పందం 1922లో ఏడు రాష్ట్రాలు కూర్చుని రాసుకుంటే, ఒక్క అరిజోనా మాత్రం మొండికేసి 1944 దాకా ఒప్పుకోలేదు. "చూశారా, మనమే నయం" అన్నాను నేను. ఎవరికి నయమో చెప్పమని ఇద్దరూ నామీద పడ్డారు. వ్యాను అంటే అదీ. మెయిల్లో అయితే "సెండ్" కొట్టి లాప్‌టాప్ మూసేయొచ్చు. వ్యానులో అవతలి వాడి కూతురు మీ ఒళ్ళో నిద్రపోతుంటుంది.

2014 జూన్ 2న ఆయన నాలుగిళ్ళకూ స్వీట్ల డబ్బాలు తెచ్చిచ్చాడు. గుంటూరాయన తీసుకుని డైనింగ్ టేబుల్ మీద పెట్టాడు, తినలేదు. సాయంత్రానికి వాళ్ళ పాప డబ్బా ఖాళీ చేసింది.

మా పిల్లలకు వాళ్ళు అంకుల్ ఆంటీ కాదు. మా పెద్దపాప మాటలు నేర్చే వయసులో కరీంనగరాయన పిల్లల నోట్లోంచి విని, ఆయన్ని "పెద్దబాపు" అని మొదలుపెట్టింది. ఒకసారి తాతతో ఫోన్లో "పెద్దబాపు నాకు సైకిల్ నేర్పించాడు" అంటే మా నాయనకు అర్థం కాలేదు. "బాపంటే ఎవరురా, గాంధీ తాతనా?" అని అడిగాడు. చెప్పాను. "ఓహో" అన్నాడు, అంతే. 2014లో చిన్నోడు పుట్టేటప్పుడు రాత్రి రెండింటికి నొప్పులొస్తే, దుప్పటితో సహా పెద్దదాన్ని ఎత్తుకుపోయి వాళ్ళ మంచంలో పడుకోబెట్టి ఆస్పత్రికి పోయాం. పొద్దున లేచి "అమ్మ ఏది" అని కూడా అడగలేదట, "దోశ కావాలి" అందట.

తర్వాత తర్వాత ట్రిప్పులు మారిపోయాయి. 2015 మే 26 నుంచి గ్రీన్ కార్డు దారిలో కొంత దూరం వచ్చిన వాళ్ళ భార్యలకు, భర్తలకు హెచ్4 మీద పని చేసుకునే కాయితం ఇవ్వడం మొదలైంది. మా ఆవిడ ఏడేళ్ళ తర్వాత మళ్ళీ టెస్టింగ్ ఉద్యోగంలో చేరింది. శుక్రవారాలు ఎదురు చూసే మనిషి శుక్రవారం కూడా డిఫెక్టుల గురించి మాట్లాడ్డం మొదలుపెట్టింది. చాలా సంతోషం. కాకపోతే ఎవరి కారు వాళ్ళది, ఎవరి హోటలు గది వాళ్ళది అయింది. పిల్లలు వెనక సీట్లో ఐప్యాడ్లు. అందరం ఒకే చోటికి పోయేవాళ్ళం, విడివిడిగా. 2023 లేఆఫుల్లో బళ్ళారాయన ఉద్యోగం పోయింది. 60 రోజుల్లోపల ఇంకో ఉద్యోగమైనా చూసుకోవాలి, దేశమైనా వదలాలి. ఆయన యాభై రెండో రోజున డల్లాస్‌లో చేరాడు. ఇల్లు సర్దే వారాంతంలో అందరం వాళ్ళింట్లోనే ఉన్నాం, అట్టపెట్టెల మీద కూర్చొని చిత్రాన్నం తిన్నాం. ఒకరకంగా అదీ ట్రిప్పే.

ఈ మధ్యలో 2022 డిసెంబర్ 26 ఉంది. ఇది రాయడం కష్టంగానే ఉంది.

ఆ ఏడు క్రిస్మస్ ఆదివారం వచ్చింది, సోమవారం సెలవు. చాండ్లర్‌లో ఉండేవాళ్ళకు మంచు చూడాలంటే రెండు మూడు గంటల దూరం. కింద చెమట పడుతుంటే పైన మొగొయాన్ రిమ్ మీద పిల్లలు మంచుబొమ్మ చేసుకుంటారు. ఆ సోమవారం రిమ్ మీద ఉడ్స్ కాన్యన్ లేక్ దగ్గర గడ్డకట్టిన చెరువు మంచు విరిగి ముగ్గురు పోయారు. ముగ్గురూ చాండ్లర్ వాసులే, మన తెలుగువాళ్ళే. అందులో ఇద్దరు భార్యాభర్తలు. స్నేహితుల కుటుంబాలతో కలిసి పోయినవాళ్ళు, మేం పోయినట్టే. మేం నిలబడి ఫోటోలు దిగిన చెరువే అది.

వార్త తెలిసిన రోజు "మంచు మీదికి ఎందుకు పోవాలి" అని దూరాన్నుంచి అన్నవాళ్ళు చాలామంది. నాకు ఆ మాట ఇప్పటికీ మింగుడు పడదు. పెన్నకు నీళ్ళొచ్చినప్పుడు ఇసకలో ఎక్కడ కాలు పెట్టగూడదో చెప్పేదానికి పామిడిలో ప్రతి వీధికీ నలుగురు ముసలోళ్ళుంటారు. "ఆడ పోవద్దురా, గుంత తోడినారు" అని గట్టు మీద నుంచే అరుస్తారు. మంచు సంగతి మనకు అరిచి చెప్పే అవ్వాతాతలు ఎవరున్నారు? మనిషి నడవాలంటే మంచు కనీసం నాలుగు అంగుళాల మందం ఉండాలని, అదీ తేటగా గట్టిగా ఉన్న మంచని, అరిజోనాలో చెరువుల మీద అంత నమ్మకంగా గడ్డకట్టడం అరుదని నేను తెలుసుకున్నది ఆ రాత్రి చదివి. పైన మంచు పడి కప్పేస్తే ఎక్కడ గట్టు అయిపోయిందో ఎక్కడ చెరువు మొదలైందో కూడా తెలీదు.

ఆ రాత్రి ఇక్కడ చాలా ఇళ్ళల్లో ఒకటే మాట నడిచి ఉంటుంది. మా ఇంట్లో మా ఆవిడ అడిగింది, పిల్లలు పడుకున్నాక. "మనిద్దరం ఒకేసారి పోతే వీళ్ళు ఆ రాత్రి ఎవరింట్లో పడుకుంటారు?"

పెద్దబాపు వాళ్ళింట్లో, అన్నాను. "అది మనకు తెలుసు. పోలీసులకు తెలుసా?" అంది. టెస్టింగ్ వాళ్ళతో ఇదే, అందరూ వదిలేసిన కేసు వాళ్ళకు కనబడుతుంది.

తెలీదు మరి. ఇన్నేళ్ళ చుట్టరికం ఏ కాయితం మీదా లేదు. జనవరిలో అందరం కూర్చున్నాం, గుంటూరాయన ఇంట్లో. మేం ఒక లాయరుతో మాట్లాడి తెలుసుకున్నది క్లుప్తంగా చెప్తాను, పనికొస్తుంది. అరిజోనాలో తల్లిదండ్రులు పిల్లల బాధ్యతను ఆరు నెలల వరకు ఇంకొకరికి అప్పగిస్తూ పవర్ ఆఫ్ అటార్నీ రాసివ్వొచ్చు. ఇద్దరూ ఇండియాకు పోవాల్సొచ్చినా, ఆస్పత్రిలో ఉన్నా అది పనికొస్తుంది. కానీ రాసిన మనిషి పోతే ఆ కాయితమూ పోతుంది. దానికి వీలునామాలో గార్డియన్ ఫలానా అని పేరు రాయాలి. రాయకపోతే కోర్టు తేల్చాలి, తేల్చేదాకా పిల్లలు ఎక్కడుండాలో వేరేవాళ్ళు నిర్ణయించొచ్చు. మీ రాష్ట్రంలో పద్ధతి వేరే ఉండొచ్చు, మీరు మీ లాయర్నే అడగండి. కానీ అడగండి.

అదే ఎక్సెల్ షీటులో కొత్త ట్యాబు తెరిచాడు గుంటూరాయన. ఎవరి పిల్లలకు మొదట ఎవరు, వాళ్ళు కాకపోతే ఎవరు. రాష్ట్రం కోసం ఏ మనిషితో అయితే అంత పెద్ద మెయిళ్ళు నడిచాయో, ఆ కరీంనగరాయన పేరే తన ఇద్దరు ఆడపిల్లల ఎదురుగా టైపు చేశాడు. ఎవరూ ఏం అనలేదు. మేమూ మా పిల్లల ఎదురుగా ఆయన పేరు, ఆయన భార్య పేరు రాశాం.

ఇది మా నాయనకు చెప్పకుండా చేయడం మా ఆవిడకు ఇష్టం లేదు. ఫోన్ చేసి చెప్పాను. విన్నాడు. "చిన్నోడు ఉండంగా పరాయోళ్ళ పేరు రాస్తివా?" అన్నాడు. చిన్నోడంటే మా తమ్ముడు, పామిడిలోనే ఉంటాడు, మా పిల్లలంటే ప్రాణం. వాడికి వీసా దొరికేదెప్పుడు, వాడు వచ్చేదెప్పుడు, ఆ లోపల ఆ పిల్లల సంగతేంటి అని చెప్పాను. స్కూలు గురించి చెప్పాను. రెండో పేరు తమ్ముడిదే అని కూడా చెప్పాను. "సరేలేప్పా, మీ ఇష్టం" అని ఫోన్ పెట్టేశాడు. మా ఊళ్ళో "మీ ఇష్టం" అంటే ఏంటో మీకు తెలుసు. రెండు రోజులు చేస్తే ఎత్తలేదు. అమ్మ మాత్రం "మిషను మీద ఉన్నాడు" అనేది.

మూడో రోజు ఆయనే చేశాడు. పలకరింపులేం లేవు.

"ఆ కరీంనగరాయప్ప కొల్తలు కావాల. షర్టుకు, ప్యాంటుకు. ఆయమ్మకు జాకిటి కొల్తలు కోడల్ని పంపమను. పిల్లోళ్ళవి కూడా."

"ఎందుకు నాయనా?"

"ఎందుకేందిరా, బట్టలు పెట్టద్దా?"

కరీంనగరాయన వాళ్ళావిడ చేత టేపుతో కొలిపించుకుని వాట్సాప్‌లో పంపాడు, ఛాతీ 40, నడుము 36 అని. వాటిని మా నాయనకు పంపాను. పది నిమిషాల్లో మళ్ళీ ఫోన్. "నువ్వు పంపిచ్చిన ఫోటోలు చూసినా. ముప్పై ఆరు కాదది. ఊపిరి బిగబట్టినాడు. మామూలుగా నిలబడమని చెప్పి మళ్ళా కొల్చమను."